స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు ఎపిడెమియాలజీ రీసెర్చ్‌లోకి రావచ్చా? డాక్టర్ కాకపోతే కష్టమా?

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు మళ్లీ చెప్తాను, తేడా ఉంటే చెప్పండి. స్టాటిస్టిక్స్‌లో ఎంఎస్సీ అయింది, కొన్నాళ్లుగా కంపెనీలో ప్రిడిక్షన్ మోడల్స్ కడుతున్నారు, ఇప్పుడు మనసు ఎపిడెమియాలజీ వైపు, అంటే జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో జనాల్లో లెక్కతేల్చే పబ్లిక్ హెల్త్ రీసెర్చ్ వైపు లాగుతోంది. బయాలజీ స్కూల్ తర్వాత ముట్టుకోలేదు. ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చెయ్యాలా, బయోస్టాటిస్టిక్స్‌లో (ఆరోగ్య డేటాకి వాడే స్టాటిస్టిక్స్) పీహెచ్‌డీనా, ఎపిడెమియాలజీలో పీహెచ్‌డీనా? డాక్టర్ కాకపోతే జీవితాంతం వేరేవాళ్ల పేపర్లకి పీ-వాల్యూలు (టెస్టుల్లో వచ్చే సిగ్నిఫికెన్స్ అంకెలు) తీసిచ్చే మనిషిగానే ఉండిపోతానా అని భయం.

సూటిగా చెప్పేస్తాను. రావచ్చు. డాక్టర్ డిగ్రీ అక్కర్లేదు, స్టాటిస్టిక్స్‌లో ఇంకో మాస్టర్స్ అసలే అక్కర్లేదు. ముందు ఏదో ఒక ఎపిడెమియాలజీ గ్రూపులో డేటా అనలిస్టుగానో రీసెర్చ్ అసిస్టెంటుగానో చేరిపోండి, ఏడాదో రెండేళ్లో పని చెయ్యండి, అప్పుడు పీహెచ్‌డీకి అప్లై చెయ్యండి. ఎంపీహెచ్ కొందరికే పనికొస్తుంది, ఎవరికో కింద చెప్తాను. బయోస్టాటా (బయోస్టాటిస్టిక్స్) ఎపినా (ఎపిడెమియాలజీ) అనేది మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ఏ రకందో చూసుకుని తేల్చుకోవాలి. ఇక పీ-వాల్యూ మనిషి సంగతి అంటారా, స్టడీలోకి మిమ్మల్ని ఎప్పుడు పిలిచారనేదే దాన్ని తేలుస్తుంది. డేటా అంతా వచ్చేశాక పిలిస్తే మీరు లెక్కలు కట్టే మనిషే, ఎన్ని డిగ్రీలున్నా సరే.

డాక్టర్ కాదన్న బెంగ ముందు తీసేద్దాం. ఈ ఫీల్డుకి పునాదులు వేసినవాళ్లలో డాక్టర్లు కానివాళ్లు బోలెడుమంది. ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్‌కి డాక్టర్ అవ్వాలని ఉండేదట, మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా ఉండగా టీబీ వచ్చింది, కోలుకుంటూ దూరవిద్యలో ఎకనామిక్స్ డిగ్రీ చేశారు, అంతే. 107 మంది టీబీ పేషెంట్లతో చేసి 1948లో అచ్చయిన స్ట్రెప్టోమైసిన్ ట్రయల్‌కి రాండమైజేషన్ (ఎవరికి మందు అనేది యాదృచ్ఛికంగా తేల్చే) పద్ధతి పెట్టింది ఈ ఎకనామిక్స్ ఆయనే, తర్వాత తరాల ట్రయల్స్‌కి అదే నమూనా అయింది. జెరోమ్ కార్న్‌ఫీల్డ్ చదివింది హిస్టరీ, పీహెచ్‌డీ లేనే లేదు, అమెరికాలో కార్మిక గణాంకాల ఆఫీసులో ఉద్యోగం చేసి 1947లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌కి వెళ్లారు. మీరు సర్వైవల్ డేటా (ఎవరు ఎంతకాలం బతికారన్న డేటా) చూస్తే మొదట చెయ్యి వెళ్లేది కాక్స్ మోడల్ మీదకే కదా, ఆ డేవిడ్ కాక్స్ కెరీర్ మొదట్లో విమానాల రీసెర్చ్ సంస్థలో, ఆ తర్వాత ఉన్ని పరిశ్రమ రీసెర్చ్ సంస్థలో పనిచేశారు.

ఇదంతా పాత రోజుల ముచ్చట, ఇప్పుడు డిగ్రీలు లేకుండా ఎవరు తీసుకుంటారు అంటారేమో, నిజమే. నేను చెప్పేది ఏంటంటే వీళ్లని లోపలికి రానిచ్చింది బయాలజీ కాదు, డేటా ఎలా పుట్టిందో అడిగే అలవాటు. ఒక ఉదాహరణ చూడండి, ఇది నేను కొత్తగా వచ్చే ప్రతి స్టాటిస్టిక్స్ స్టూడెంట్ చేత కాగితం మీద చేయిస్తాను.

1950లో రిచర్డ్ డాల్, హిల్ కలిసి వేసిన పేపర్లో లంగ్ క్యాన్సర్ ఉన్న మగవాళ్లు 649 మంది, వాళ్లలో పొగ తాగనివాళ్లు ఇద్దరే ఇద్దరు. వేరే జబ్బులతో ఆస్పత్రిలో ఉన్న ఇంకో 649 మంది మగవాళ్లలో తాగనివాళ్లు 27 మంది. ఇప్పుడు పర్సంటేజీలు వేస్తే తాగేవాళ్లు అటు 99.7, ఇటు 95.8, ఇంతేనా తేడా అనిపిస్తుంది. సరే అని ఇంకోలా, తాగేవాళ్లందరిలో క్యాన్సర్ ఎంతమందికి అని లెక్కేస్తే 647 బై 1269, అంటే 51 శాతం! పొగ తాగేవాళ్లలో సగం మందికి లంగ్ క్యాన్సర్ ఉందా? లేదు కదా. కేసులు (జబ్బున్నవాళ్లు) ఎన్ని, కంట్రోల్స్ (పోల్చడానికి తీసుకున్నవాళ్లు) ఎన్ని అనేది రీసెర్చర్లే నిర్ణయించారు, కంట్రోల్స్ ఇంకో పది రెట్లు తీసుకుని ఉంటే ఆ 51 కాస్తా ఎక్కడికో పడిపోతుంది. కాబట్టి ఈ టేబుల్ నుంచి రిస్క్ నేరుగా రాదు. ఆడ్స్ రేషియో (తాగేవాళ్లకీ తాగనివాళ్లకీ ఉన్న నిష్పత్తి ఒక గ్రూపులో ఇంకోదానికన్నా ఎన్ని రెట్లో చెప్పేది) మాత్రం వస్తుంది, 647 ఇంటూ 27ని 622 ఇంటూ 2తో భాగిస్తే సుమారు 14. జబ్బు అరుదైనదైతే ఆ 14 రిలేటివ్ రిస్క్‌కి దగ్గరగా ఉంటుందని 1951లో చూపించింది మన హిస్టరీ డిగ్రీ కార్న్‌ఫీల్డ్. లెక్క చూస్తే నాలుగు నంబర్లే, కానీ ఆ నాలుగు నంబర్లు ఏ దారిలో వచ్చాయో తెలియకపోతే మూడు సమాధానాల్లో ఏది సరైనదో ఎంత మ్యాథ్స్ వచ్చినా తేల్చలేం.

ఆ కథ అక్కడితో ఆగలేదు కూడా. స్టాటిస్టిక్స్‌కి పునాదులు వేసిన ఫిషర్ అంతటి మనిషి, పొగ తాగాలనిపించేదీ క్యాన్సర్ తెచ్చేదీ ఒకే జీన్ అయ్యుండొచ్చుగా అని అడ్డం తిరిగారు. 1959లో కార్న్‌ఫీల్డ్, ఆయన తోటివాళ్లు ఇచ్చిన జవాబు చాలా సింపుల్: పొగ తాగేవాళ్లకి రిస్క్ 9 రెట్లు కనిపిస్తోంది, ఇదంతా కంటికి కనపడని ఇంకో కారణం పనే అయితే ఆ కారణం తాగేవాళ్లలో కనీసం 9 రెట్లు ఎక్కువమందిలో ఉండాలి, అంత పెద్దది ఏదో మీరే చూపించండి. ఇప్పుడు జర్నల్స్‌లో అందరూ అడిగే సెన్సిటివిటీ అనాలిసిస్‌కి (కనపడని కారణం ఎంత పెద్దదైతే ఫలితం తారుమారవుతుందో చూడటం), అదే కొలిచే, 2017లో వచ్చిన ఈ-వాల్యూకి మూలం అదే.

సరే, ఇక మీ విషయానికొద్దాం. కంపెనీలో మీరు చేస్తున్నది ప్రిడిక్షన్, అక్కడ మోడల్ బాగా ఊహిస్తే చాలు, ఎందుకు ఊహించిందన్నది ఎవరికీ పట్టదు. ఇక్కడ ప్రశ్న ఎక్కువగా "ఇది మారిస్తే అది మారుతుందా" అన్నది. వేరియబుల్స్ అన్నీ వేసేసి ఏది సిగ్నిఫికెంట్ అయితే దాన్ని ఉంచేసే అలవాటు ఉంటే మొదటి నెలలోనే వదిలించుకోండి, ఇక్కడ ఒక వేరియబుల్‌కి అడ్జస్ట్ చెయ్యడం వల్ల బయాస్ తగ్గొచ్చు, పెరగనూ వచ్చు. ఎక్స్‌పోజర్‌కీ అవుట్‌కమ్‌కీ మధ్యలో ఉన్నదానికి అడ్జస్ట్ చేస్తే మీరు వెతికే ఎఫెక్ట్‌నే కోసి పారేసినట్టు. రెండింటి వల్లా పుట్టినదానికి అడ్జస్ట్ చేస్తే లేని సంబంధం పుట్టుకొస్తుంది. ఈ సంగతి డేటా మీకు చెప్పదు, మోడల్స్‌ని పోల్చే ఏఐసీ చెప్పదు, క్రాస్ వాలిడేషన్ కూడా చెప్పదు. బాణాలు గీసుకుని, జబ్బు తెలిసినవాళ్లతో కూర్చుని వాదించుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువమంది తెలివైన స్టాటిస్టీషియన్లు పడే గొయ్యి టైమ్ జీరో, అంటే ఫాలోఅప్ గడియారం మొదలయ్యే రోజు. మా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు, మ్యాథ్స్‌లో దిట్ట, కోడ్ అద్దంలా ఉంటుంది. ఒక మందు వాడినవాళ్లు, వాడనివాళ్లు, ఎవరు ఎక్కువకాలం బతికారు అనే అనాలిసిస్ చేసుకొచ్చాడు. ప్రొపోర్షనల్ హాజర్డ్స్ చెక్ చేశాడు, మిస్సింగ్ డేటా ఇంప్యూట్ చేశాడు, అన్నీ సక్రమం, మందు అద్భుతంగా పనిచేస్తోందని వచ్చింది. ఒక్క పేషెంట్ రికార్డు స్క్రీన్ మీద తెరవమన్నాను. జబ్బు తేలింది జనవరిలో, మందు మొదలైంది జులైలో, కానీ డేటాలో ఆ మనిషి జనవరి నుంచే "వాడినవాళ్ల" గ్రూపులో ఉన్నాడు. ఆ ఆరు నెలల్లో చనిపోయి ఉంటే మందు మొదలుపెట్టేవాడే కాదు, "వాడనివాళ్ల" లెక్కలోకి పోయేవాడు. అంటే వాడిన గ్రూపులో ప్రతి ఒక్కరికీ చావు లేని కొన్ని నెలలు ఫ్రీగా దొరికాయి. మందు వాడకాన్ని టైమ్‌తో పాటు మారే వేరియబుల్‌గా పెట్టి మళ్లీ రన్ చేస్తే ఆ అద్భుతం చాలావరకు ఆవిరైపోయింది.

దీన్ని ఇమ్మోర్టల్ టైమ్ బయాస్ అంటారు, పెద్దపెద్ద జర్నల్స్‌లోనూ దూరింది. ఆస్కార్ గెలిచిన నటులు తోటి నటులకన్నా దాదాపు 4 ఏళ్లు ఎక్కువ బతుకుతారని 2001లో ఒక పేపరు వచ్చింది, పత్రికలన్నీ రాశాయి. 2006లో వేరేవాళ్లు అదే డేటాని సరైన పద్ధతిలో చూస్తే తేడా ఒక ఏడాదికి పడిపోయింది, అదీ స్టాటిస్టికల్‌గా నిలబడలేదు. గెలవాలంటే గెలిచే వయసు దాకా బతికుండాలి కదా మరి!

హార్మోన్ థెరపీ గొడవ కూడా తప్పకుండా చదవండి. మెనోపాజ్ తర్వాత హార్మోన్లు వాడే ఆడవాళ్లకి గుండె జబ్బు తక్కువని అబ్జర్వేషనల్ స్టడీలు (మందు తామివ్వకుండా, జరిగేది గమనించేవి) ఏళ్ల తరబడి చెప్పాయి, 2002లో 16,608 మందితో నడుస్తున్న విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు, గుండె జబ్బు తగ్గకపోగా పెరిగింది, బ్రెస్ట్ క్యాన్సర్ కూడా. అప్పట్లో అందరూ కన్‌ఫౌండింగ్ (రెండింటి వెనకా ఇంకో కారణం ఉండటం) అనేసి చేతులు దులిపేసుకున్నారు. తర్వాత 2008లో హెర్నాన్, రాబిన్స్, వాళ్ల టీమ్ నర్సెస్ హెల్త్ స్టడీ (నర్సుల్ని ఏళ్ల తరబడి గమనించిన అబ్జర్వేషనల్ స్టడీ) డేటాని ట్రయల్ లాగా మళ్లీ పేర్చి, ఫాలోఅప్‌ని హార్మోన్ మొదలుపెట్టిన రోజు నుంచి లెక్కేస్తే, మెనోపాజ్ అయ్యి ఎన్నేళ్లకి మొదలుపెట్టారో కూడా చూస్తే, రెండింటి మధ్య తేడా చాలావరకు అర్థమైంది. ఇప్పుడు టార్గెట్ ట్రయల్ ఎమ్యులేషన్ అని అందరూ చేస్తున్నది ఈ దారిలోదే. ఇలాంటివి చదివితే ఒళ్లు పులకరిస్తే మీరు సరైన చోటికే వస్తున్నారు.

ఇప్పుడు డిగ్రీల సంగతి.

ఎంపీహెచ్ ప్రొఫెషనల్ డిగ్రీ, హెల్త్ ప్రోగ్రాములు నడపాలనుకునేవాళ్లకి, పాలసీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి బాగుంటుంది. చాలాచోట్ల సొంత డబ్బుతోనే చదవాలి. అందులో బయోస్టాట్ కోర్సులు మీకు మొదటి రెండు వారాలకే బోర్ కొడతాయి. మీకు రీసెర్చ్ పరిచయాలు ఏమీ లేకుండా, అనలిస్టు ఉద్యోగం కూడా దొరక్కపోతే అప్పుడు ఆలోచించండి, ఆలోచించినా ఎంపీహెచ్ కన్నా థీసిస్ ఉండే ఎపిడెమియాలజీ ఎంఎస్సీ నయం.

బయోస్టాటిస్టిక్స్ పీహెచ్‌డీ అంటే మెథడ్స్ పని. రిపీటెడ్ మెజర్‌మెంట్స్‌లో డ్రాపౌట్ ఉంటే ఏ ఎస్టిమేటర్ వాడాలి, దాని వేరియన్స్ ఎలా వస్తుంది, ఇలాంటివి. థియరీ కోర్సులు, క్వాలిఫయింగ్ పరీక్షలు గట్టిగా ఉంటాయి. చాలా యూనివర్సిటీల్లో రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ మీద ఫండింగ్ వస్తుంది. చదివాక ఏ జబ్బు మీదైనా పనిచెయ్యొచ్చు, ఫార్మా కంపెనీలకి వెళ్లడమూ సులువే.

ఎపిడెమియాలజీ పీహెచ్‌డీలో ప్రశ్న మీది. ఎవర్ని స్టడీలోకి తీసుకోవాలి, ఎక్స్‌పోజర్ ఎలా కొలవాలి, ఎంతకాలం చూడాలి, అన్నీ మీ నెత్తిమీదే. థియరీ తక్కువ, చదవాల్సింది రాయాల్సింది ఎక్కువ. చిన్న పరీక్ష చెప్తాను: ఒక పేపరు చదివాక "ఈ ఎస్టిమేటర్ ఇంకా మెరుగ్గా చెయ్యొచ్చు" అనిపిస్తే బయోస్టాట్, "అసలు వీళ్లు తప్పు మనుషుల్ని పోలుస్తున్నారు" అనిపిస్తే ఎపి. రెండూ అనిపిస్తే మాత్రం నా ఓటు బయోస్టాట్‌కే, ఎపి గ్రూపులో ఉన్న అడ్వైజర్‌ని వెతుక్కుని. ఎందుకంటే గట్టి మ్యాథ్స్ నలభై దాటాక కూర్చుని నేర్చుకోవడం కష్టం, ఒక జబ్బు గురించి ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. దీంతో ఒప్పుకోని ఎపిడెమియాలజిస్టులు చాలామంది ఉన్నారు, వాళ్ల మాటా వినండి.

బయాలజీ ఎంత కావాలి? మొత్తం మెడిసిన్ అక్కర్లేదు, మీరు పట్టుకున్న ఆ ఒక్క జబ్బు లోతుగా కావాలి. ఎలా మొదలవుతుంది, కారణం తగిలాక బయటపడటానికి ఎంత కాలం పడుతుంది, డాక్టర్ దాన్ని ఎలా నిర్ధారిస్తారు, రికార్డులో ఏ కోడ్ పడుతుంది. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. మరణాల డేటాలో ఒక ఏడాది ఉన్నట్టుండి గ్రాఫ్ ఎగిరిందంటే జబ్బు పెరిగిందని అనుకునేముందు ఆ ఏడాది ఐసీడీ (జబ్బులకి కోడ్‌లిచ్చే అంతర్జాతీయ పట్టిక) వెర్షన్ మారిందేమో చూడాలి.

అలాగే డేటా పుట్టే చోటికి వెళ్లి కూర్చోండి. ఒకసారైనా బీపీ కొలిచే మనిషి పక్కన నిలబడి చూడండి. ఆ డేటాకి హిస్టోగ్రామ్ గీస్తే 120 దగ్గర, 130 దగ్గర, 140 దగ్గర మేడలు లేచి ఉంటాయి, మధ్యలో లోయలు. మనుషుల రక్తపోటు అలా ఉండదు, చేత్తో కొలిచేటప్పుడు చివరి అంకెని సున్నాకి సర్దేస్తారు. హైపర్‌టెన్షన్ గీత 140 దగ్గర పెట్టారనుకోండి, "140, ఆపైన" అని రాస్తే ఒక సంఖ్య, "140 దాటితే" అని రాస్తే ఇంకో సంఖ్య, కోడ్‌లో ఒక్క గుర్తు తేడాకి ఆ మేడ మొత్తం ఇటునుంచి అటు దూకేస్తుంది. ఇవి కోర్సుల్లో చెప్పరు, చెప్పినా బుర్రకెక్కవు, అందుకే ముందు అనలిస్టు పని అన్నది.

సాఫ్ట్‌వేర్ గురించి పెద్దగా ఆలోచించకండి. ఆర్ బాగా వస్తే చాలు, కొన్ని గ్రూపులు స్టాటా, కొన్ని సాస్, వెళ్లాక నేర్చుకుంటారు.

నేర్చుకోవాల్సింది మాట్లాడటం. డాక్టర్లతో ప్రాబబిలిటీ భాషలో మాట్లాడితే మీటింగ్ అయిపోతుంది కానీ పని అవ్వదు. మనుషుల లెక్కలో చెప్పండి. స్క్రీనింగ్ టెస్ట్ గురించి అనుకోండి: 10,000 మందిలో 100 మందికి జబ్బు ఉంది, టెస్ట్ వాళ్లలో 90 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని 9,900 మందిలో 95 శాతానికి సరిగ్గా నెగటివ్ ఇచ్చినా 495 మందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 585, అందులో నిజంగా జబ్బున్నది 90 మందికి, అంటే ఆరుగురిలో ఒక్కరికి కూడా సరిగ్గా కాదు. ఇలా బోర్డు మీద రాస్తే గదిలో అందరూ వాదించడం మొదలుపెడతారు, మీకు కావాల్సింది అదే. వచ్చేసారి ప్రోటోకాల్ రాసేటప్పుడే మిమ్మల్ని పిలుస్తారు. పీ-వాల్యూ మనిషి దశ నుంచి బయటపడే దారి నాకు తెలిసి ఇంతకుమించి లేదు. ఆథర్‌షిప్ మాత్రం పని మొదలవ్వకముందే మాట్లాడేసుకోండి, మొహమాటం పడితే మీకే నష్టం.

అప్లికేషన్ రాసేటప్పుడు తెలిసిన మోడల్స్ లిస్టు పెట్టకండి, ఆ లిస్టు అందరి దగ్గరా ఉంటుంది. ఒక ప్రశ్న రాయండి, దానికి ఇప్పుడున్న డేటా ఎందుకు చాలదో రాయండి, మీరైతే ఏం చేస్తారో రాయండి. అడ్వైజర్‌ని ఎంచుకునేముందు వాళ్ల పాత స్టూడెంట్లకి మెయిల్ పెట్టి మూడు విషయాలు అడగండి: డేటా చేతికి రావడానికి ఎన్నాళ్లు పట్టింది, ఫస్ట్ ఆథర్ పేపర్లు ఎవరికి దక్కాయి, ఫండింగ్ మధ్యలో ఆగిపోతే ఏం చేశారు. జవాబు రాలేదంటే అదీ ఒక జవాబే.

నచ్చని విషయాలు కూడా చెప్పాలి కదా. జీతం కంపెనీ కన్నా తగ్గుతుంది, కొన్నిచోట్ల బాగా తగ్గుతుంది. రీసెర్చ్ ఉద్యోగాలు చాలావరకు గ్రాంట్ల మీద ఆధారపడినవి, గ్రాంట్ అయిపోతే మళ్లీ వెతుకులాట. ఎథిక్స్ అనుమతులు, డేటా అగ్రిమెంట్లు నెలలకి నెలలు తినేస్తాయి, వారానికో రిలీజ్ అలవాటైనవాళ్లకి పిచ్చెక్కుతుంది. ఫ్రేమింగ్‌హామ్ స్టడీ 1948లో 5,209 మందితో మొదలైంది, వాళ్ల పిల్లలు, మనవళ్ల తరం దాకా నడుస్తూనే ఉంది, ఈ ఫీల్డులో టైమ్ అంటే అలా ఉంటుంది. కుటుంబ బాధ్యతలు, లోన్లు ఉంటే ఉద్యోగం మానెయ్యకముందే ఇవన్నీ లెక్కేసుకోండి, ఆవేశంలో రిజైన్ చెయ్యకండి.

ఈలోపు ఒక పని చెయ్యండి. మీకు ఇష్టమైన జబ్బు మీద ఒక అబ్జర్వేషనల్ పేపరు తీసుకుని, ఇదే ప్రశ్నకి ట్రయల్ చేసుంటే ఎలా ఉండేదో ఒక పేజీలో రాయండి. ఎవర్ని తీసుకుంటాం, దేన్ని దేనితో పోలుస్తాం, గడియారం ఏ రోజు మొదలవుతుంది, ఎప్పటిదాకా చూస్తాం, ఏది అవుట్‌కమ్. తర్వాత పేపర్లో వాళ్లు చేసింది పక్కన పెట్టి ఎక్కడెక్కడ తేడా వచ్చిందో చూడండి. ఆ పేజీ ఏ గ్రూపుకి పంపినా మీ సీవీ కన్నా ముందు అదే చదువుతారు. రాశాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఏ దేశంలో అప్లై చేద్దామనుకుంటున్నారో కూడా రాయండి, ఫండింగ్ రూల్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి దాన్నిబట్టి మిగతాది మాట్లాడుకుందాం.